కోకాపేట మైవాన్ ఫ్లాట్‌కి కార్డ్‌లెస్ డ్రిల్: 12 వోల్టులా, 18 వోల్టులా?

కొత్తిల్లు_కోకాపేట

అందరికీ నమస్కారం. ఫ్లాట్ చేతికొచ్చింది, కార్పెంటర్ పెద్ద పనులు చేసి వెళ్లిపోయాడు. మిగిలినవన్నీ చిల్లర పనులు: కర్టెన్ రాడ్లు, అద్దాలు, పూజ గదిలో రెండు షెల్ఫులు, టీవీ బ్రాకెట్. ఒక్కో పనికి మనిషిని పిలిస్తే రేపంటాడు, ఎల్లుండంటాడు. వచ్చాక రెండు రంధ్రాలు వేసి అరపూట కూలి అడుగుతాడు. అందుకని సొంతంగా మెషిన్ కొనేద్దామని. దాంతో పాటు బాల్కనీలో చిన్న బెంచీ వేసుకుని ప్లైవుడ్‌తో చెప్పుల స్టాండు, పుస్తకాల ర్యాకు చేయాలని ఎప్పట్నుంచో కోరిక.

బడ్జెట్ 15 వేలు. ఆన్‌లైన్‌లో చూస్తే 12, 18, 20, 21, ఆఖరికి 48, 88 వోల్టులవి కూడా కనిపిస్తున్నాయి. విచిత్రం ఏంటంటే 88ది 18 దానికంటే చవక! ఒకే బ్యాటరీతో డ్రిల్లు, రంపం, గ్రైండర్ అన్నీ నడవాలని నా ఆశ. ఏ కంపెనీ పట్టుకుంటే మంచిదో పెద్దలు చెప్పండి.

చెక్కపొట్టు

కంపెనీ సంగతి తర్వాత. ముందు మీ గోడలు చెప్పండి. కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు కొత్త టవర్లు చాలావరకు మైవాన్. అంటే అల్యూమినియం షట్టరింగ్‌తో గోడా స్లాబూ కలిపి పోసిన కాంక్రీటు. ఇటుక అనేదే ఉండదు. సైనిక్‌పురిలో మా ఇల్లు పాత ఎర్ర ఇటుకది. నా 12 వోల్టుల డ్రిల్‌తో కర్టెన్ రాడ్ రంధ్రాలు హాయిగా పడతాయి. అదే డ్రిల్ పట్టుకుని మా చెల్లెలి ఫ్లాట్‌కి వెళితే పుట్టీ దాటాక బిట్ కీచుమంటూ ఒకే చోట తిరుగుతుంది తప్ప లోపలికి దిగదు. మీది మైవానేనా?

కొత్తిల్లు_కోకాపేట

మైవానే మేడమ్. బాత్రూమ్ పక్కన ఒకటి రెండు గోడలు మాత్రం బ్లాకులతో కట్టినట్టున్నారు. మిగతాదంతా కాంక్రీటే.

మేస్త్రి_మల్కాజిగిరి

అయితే సార్, మీ ప్రశ్న సగం అక్కడే తేలిపోయింది. ఇంటీరియర్ పనులు చేయిస్తుంటాను కాబట్టి చెబుతున్నా. మైవాన్ గోడకి మామూలు హ్యామర్ డ్రిల్ పనికిరాదు. రోటరీ హ్యామర్ కావాలి. పేర్లు దగ్గరగా ఉన్నాయి కానీ లోపల రెండూ వేరే మెషిన్లు.

మామూలు హ్యామర్ డ్రిల్‌లో పళ్లున్న రెండు బిళ్లలు ఒకదాని మీద ఒకటి గరగర తిరుగుతాయి. నిమిషానికి వేల కొద్దీ చిన్న చిన్న మొట్టికాయలు. ఇటుకకి, బ్లాకుకి అవి చాలు. రోటరీ హ్యామర్‌లో మోటారు ఒక పిస్టన్‌ని నడుపుతుంది, పిస్టన్ ముందున్న గాలి ఒత్తుకుని ఇనుప దిమ్మని తోస్తుంది, ఆ దిమ్మ వచ్చి బిట్ వెనక గుద్దుతుంది. దెబ్బలు తక్కువే, గుద్దు గట్టిది. దాని బలం జౌల్స్‌లో రాస్తారు. 2 జౌల్స్ ఉన్నది ఇంటికి బోలెడు. బిట్లు కూడా వేరు. ఎస్‌డీఎస్ ప్లస్ అంటారు, కాడకి గాడులు ఉంటాయి, బిట్‌ని పట్టుకునే చక్‌లో ముందుకీ వెనక్కీ ఆడుతుంది. బాష్ వాళ్లు 1975లో తెచ్చిన పద్ధతి, ఇప్పుడు ఈ చిన్న హ్యామర్లకి అన్ని కంపెనీలూ అదే వాడుతున్నాయి.

ఇంకో మాట. రోటరీ హ్యామర్ మీద పడి నొక్కకూడదు. మా దగ్గర కొత్త కుర్రాళ్లు భుజం ఆనించి తోస్తారు. తోస్తే దిమ్మకి ఆడే చోటు తగ్గిపోతుంది, రంధ్రం ఇంకా ఆలస్యమవుతుంది. మెషిన్ జారిపోకుండా పట్టుకుంటే చాలు, దాని పని అది చేసుకుంటుంది.

కొత్తిల్లు_కోకాపేట

అంటే కార్డ్‌లెస్ డ్రిల్ కొనడమే దండగంటారా అన్నా?

మేస్త్రి_మల్కాజిగిరి

దండగ ఎందుకవుతుంది సార్. చెక్కపనికి అదే కావాలి. గోడకి వైరున్న 2 కిలోల తరగతి రోటరీ హ్యామర్, స్క్రూలకి 12 వోల్టుల చిన్న డ్రిల్. నేనైతే మీ 15 వేలని ఇలాగే రెండుగా చీలుస్తా. గోడ పని ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది? దానికోసం బ్యాటరీ మీద డబ్బు పోయడం ఎందుకు?

నీలిరంగు_ఫ్యాన్

బ్రో, ఒకేసారి బాష్ నీలం 18 వోల్టులు తీసుకో. గోడ, చెక్క, ఇనుము అన్నీ అయిపోతాయి. మకీటా, డివాల్ట్ ఉత్త బిల్డప్.

పసుపునలుపు

మళ్లీ మొదలుపెట్టాడు. తమ్ముడూ, డివాల్ట్ చేత్తో పట్టుకుని చూశావా ఎప్పుడైనా?

మోడరేటర్

ఎవరి పిచ్చి వారికి ఆనందం. ఆ గొడవకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ ఆయన ప్రశ్నకి జవాబు చెప్పండి.

రిటైర్డ్_రెసిస్టర్

వోల్టుల గందరగోళం గురించి నేను చెబుతాను. ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. ఇలాంటి లేబుళ్లు చూస్తే చెయ్యి దురద పెడుతుంది.

ఈ బ్యాటరీల్లో చాలావాటిలో లోపల ఉండేది లిథియం అయాన్ సెల్లు. ఒక్కో సెల్లు పనిచేసేటప్పుడు సగటున 3.6 వోల్టులు, నిండా ఛార్జ్ అయితే 4.2. మూడు సెల్లులు వరుసగా కలిపితే 10.8 వోల్టులు, దాన్నే 12 వోల్టులని అమ్ముతారు. ఐదు కలిపితే 18. అవే ఐదింటిని ఛార్జ్ చేసి మోటారు తిప్పకుండా కొలిస్తే 20 దాటుతుంది, పూర్తిగా నిండినప్పుడు 21. కాబట్టి 18, 20, 21 అని రాసినవి మూడూ ఒకటే ఐదు సెల్లుల బ్యాటరీ. డివాల్ట్ అమెరికాలో 20 అంటుంది, యూరప్‌లో అదే సరుకుని 18 అంటుంది.

ఇక 48, 88 సంగతి. డబ్బా మీద జాగ్రత్తగా చూడండి. చాలా వాటి మీద 48వీ అని ఉండదు, 48వీఎఫ్, 88వీఎఫ్ అని ఉంటుంది. ఆ ఎఫ్‌కి ఏ కొలతలోనూ అర్థం లేదు. విప్పి చూస్తే అదే ఐదు సెల్లులు. ఎవరైనా 88 అంటే 18కి నాలుగైదు రెట్లు అనుకుంటారు కదా, ఆ అనుకోవడం మీదే వాళ్ల బేరమంతా.

కొలత కావాలంటే వాట్-అవర్ చూడండి. వోల్టులని ఆంపియర్-అవర్‌తో (ఏహెచ్) గుణించడమే. 18 వోల్టులు, 2 ఏహెచ్ అయితే 36. 5 ఏహెచ్ అయితే 90. 12 అని అమ్మే 2 ఏహెచ్ బ్యాటరీకి 10.8తో లెక్క వేస్తే 21.6 వస్తుంది. అందులో ఉన్న సరుకు అంతే. ఎవరు ఏ స్టిక్కర్ అంటించినా అది మారదు.

సగంఛార్జ్

సార్, అయితే 2 ఏహెచ్, 4 ఏహెచ్ తేడా ఎంతసేపు నడుస్తుందనేదేనా? బలం ఒకటేనా?

రిటైర్డ్_రెసిస్టర్

కాదండి, బలంలో కూడా తేడా కనిపిస్తుంది. 2 ఏహెచ్‌లో సాధారణంగా ఐదు సెల్లుల ఒకే వరుస ఉంటుంది. 4 ఏహెచ్‌లో అలాంటి రెండు వరుసలు పక్కపక్కన. మోటారు గట్టిగా లాగినప్పుడు ఆ కరెంటుని రెండు వరుసలు పంచుకుంటాయి. వోల్టేజి కుంగడం తగ్గుతుంది, సెల్లు వేడెక్కడం తగ్గుతుంది. డ్రిల్‌కి ఇది పెద్దగా తెలియదు. రంపానికో గ్రైండర్‌కో చిన్న బ్యాటరీ పెడితే వెంటనే తెలుస్తుంది, సగం కోతలో ఆగిపోతుంది. ఈ మధ్య కొంచెం లావుపాటి 21700 సెల్లులతో ఒకే వరుస బ్యాటరీలు వస్తున్నాయి, అవి 4 ఏహెచ్ కూడా ఇస్తాయి, బరువూ తక్కువే.

నాచారం_ఫ్యాబ్

గేట్లు, గ్రిల్స్ పని నాది. ఒకే బ్యాటరీతో గ్రైండర్ కూడా నడపాలని అన్నారు కదా, ఆ ఆశ వదులుకోండి అన్నా. పెద్దాయన లెక్కతోనే చెబుతా. వైరున్న 4 అంగుళాల గ్రైండర్ 600, 700 వాట్లు లాగుతుంది. మీ 90 వాట్-అవర్ల పెద్ద బ్యాటరీని 700 వాట్లతో భాగిస్తే 8 నిమిషాలు కూడా రాదు. సైట్‌లో కరెంటు లేని చోట, నిచ్చెన మీద ఒకటి రెండు రాడ్లు కోయడానికి కార్డ్‌లెస్ గ్రైండర్ దేవుడే. నా దగ్గర కూడా ఉంది. ఇంట్లో ప్లగ్ పాయింట్ పక్కనే పెట్టుకుని బ్యాటరీ గ్రైండర్ వాడేవాళ్లని చూస్తే మాత్రం నవ్వొస్తుంది.

గ్రైండర్ మాట వచ్చింది కాబట్టి: దానికి చెక్క కోసే పళ్ల బ్లేడు వేయకండి. ఆన్‌లైన్‌లో అమ్ముతారు, వీడియోల్లో చూపిస్తారు. నిమిషానికి 11 వేల చుట్లు తిరిగేది చెక్కలో ఇరుక్కుంటే మెషిన్ మీ మీదికి తిరుగుతుంది. గార్డు తీసేసి వాడటం మన దగ్గర ఒక జబ్బు, అది కూడా వద్దు.

లేత్‌మాస్టర్

బ్రష్‌లెస్ గురించి ఎవరూ ఎత్తలేదేంటి?

నాచారం_ఫ్యాబ్

ఎత్తితే మీరు గొడవకి వస్తారని 😀

లేత్‌మాస్టర్

వచ్చాను. బాలానగర్‌లో చిన్న వర్క్‌షాపు నాది. మామూలు మోటారులో కార్బన్ బ్రష్‌లు రాసుకుంటూ కరెంటు అందిస్తాయి. ఆ రాపిడిలో కొంత శక్తి వేడిగా పోతుంది, బ్రష్ అరుగుతుంది. బ్రష్‌లెస్‌లో ఆ పని ఎలక్ట్రానిక్ బోర్డు చేస్తుంది. అదే బ్యాటరీకి ఎక్కువసేపు నడుస్తుంది, మెషిన్ పొట్టిగా వస్తుంది, కప్‌బోర్డు లోపల మూలల్లోకి దూరుతుంది. రోజంతా వాడేవాడికి తప్పకుండా బ్రష్‌లెస్సే. షోరూముల్లో మాత్రం ఇది లేకపోతే జీవితమే లేనట్టు అమ్ముతారు.

నెలకోసారి తీసేవాడికి బ్రష్ మోటారు చాలు. బ్రష్ అరిగితే రాణిగంజ్‌లో కొత్త జత తక్కువ డబ్బుకే దొరుకుతుంది. చాలా మోడళ్లలో మీరే మార్చుకోవచ్చు. బ్రష్‌లెస్ బోర్డు కాలితే ఆ బోర్డు ధర విని కొత్త మెషిన్ కొనుక్కుంటారు. మా షాపులో ఒకటి అలా మూలన పడి ఉంది. సర్వీస్ సెంటర్ వాడు ఇదిగో అదిగో అని తిప్పి తిప్పి చివరికి బోర్డు స్టాక్ లేదన్నాడు.

చెక్కపొట్టు

నాకు బ్రష్‌లెస్ కంటే క్లచ్ ముఖ్యం. డ్రిల్ మెడ దగ్గర 1 నుంచి 20 దాకా అంకెలున్న రింగు ఉంటుందే, అది. చాలామంది దాన్ని డ్రిల్ గుర్తు మీద పెట్టేసి మర్చిపోతారు, స్క్రూలు కూడా అలాగే బిగిస్తారు. కిచెన్ కప్‌బోర్డు తలుపు కబ్జాని పార్టికల్ బోర్డుకి బిగించేటప్పుడు 3 లేదా 4 మీద పెట్టండి. స్క్రూ తల కబ్జాకి ఆనగానే టకటకమని శబ్దం వచ్చి బిట్ తిరగడం తనంతట తానే ఆగుతుంది. అలా కాకుండా పూర్తి బలంతో తిప్పితే స్క్రూ అక్కడే గిర్రున తిరిగి బోర్డుని పిండి చేస్తుంది. ఆ రంధ్రం ఇక పట్టదు, అగ్గిపుల్లలూ ఫెవికాలూ పెట్టి పూడ్చాల్సిందే.

ఇంకొకటి, ఎవరూ చెప్పరు. స్క్రూ తల మీద ప్లస్ గుర్తుని దగ్గరగా చూడండి. ప్లస్ చేతుల మధ్యలో సన్నగా ఇంకో నాలుగు గీతలు ఉంటే అది పోజీడ్రైవ్. దానికి పీజెడ్ బిట్ కావాలి. మామూలు ఫిలిప్స్ బిట్ దూరుతుంది, కానీ కొంచెం బలం పెట్టగానే జారి తలని గుండు చేస్తుంది. కబ్జాలతో, డ్రాయర్ చానెళ్లతో వచ్చే స్క్రూలు చాలావరకు ఈ రకమే. డ్రిల్ నాసిరకం అని తిట్టుకునేవాళ్లలో సగం మంది తప్పు బిట్ పెట్టినవాళ్లే అని నా గట్టి నమ్మకం.

సగంఛార్జ్

మేడమ్, ఇంపాక్ట్ డ్రైవర్ కూడా కావాలా? కాంబో కిట్‌లో రెండూ ఇస్తున్నారు.

చెక్కపొట్టు

మంచం, బెంచీ, పర్గోలా లాంటివి పొడవాటి స్క్రూలతో బిగించాలంటే సుఖం. చెయ్యి తిరగదు, మెషినే లోపల టపటపా కొట్టుకుంటూ తిప్పుతుంది. ఫ్లాట్‌లో చెప్పుల స్టాండుకి అనవసరం. పైగా ఆ చప్పుడుకి కింది ఫ్లాట్ ఆవిడ పైకొస్తుంది.

డాలస్_బాబాయ్

నేను వచ్చే నెల హైదరాబాద్ వస్తున్నాను. ఇక్కడ పండగ సేల్స్‌లో డివాల్ట్ 20 వోల్టుల కిట్లు బాగా చవక. మా అల్లుడికి ఒకటి తెద్దామనుకుంటున్నా. ఈ తమ్ముడికి కూడా పనికొస్తుందేమో. బ్యాటరీ అక్కడ పనిచేస్తుందా?

రిటైర్డ్_రెసిస్టర్

బ్యాటరీ, మెషిన్ రెండూ భేషుగ్గా పనిచేస్తాయి. చిక్కంతా ఛార్జర్‌తోనే. అమెరికాలో అమ్మే ఛార్జర్ 120 వోల్టులకి చేసింది. మన 230లో పెట్టిన మరుక్షణం కాలుతుంది. ప్లగ్గుకి అడాప్టర్ తగిలిస్తే పిన్ను మారుతుంది గానీ వోల్టేజి మారదు. మకీటాకి కూడా ఇదే మాట. మెషిన్ అక్కడ కొని, ఛార్జర్ ఇక్కడ కొనుక్కోమనండి.

విమానంలో కూడా పద్ధతి ఉంది. మెషిన్ చెక్-ఇన్ సూట్‌కేసులో, బ్యాటరీ విప్పి చేతి బ్యాగులో. విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్‌లో వేయకూడదు. 100 వాట్-అవర్ల లోపువి చేతి బ్యాగులో అనుమతిస్తారు, అంటే 18 వోల్టుల 5 ఏహెచ్ సరిపోతుంది. అది దాటి 160 దాకా అయితే ఎయిర్‌లైన్‌ని ముందే అడగాలి. కొసలు ఒకదానికొకటి తగలకుండా టేపు వేయండి.

డాలస్_బాబాయ్

మంచి మాట చెప్పారు సార్. అడాప్టర్ చాలనుకుంటున్నా ఇప్పటిదాకా. వారంటీ?

లేత్‌మాస్టర్

అక్కడి బిల్లుతో ఇక్కడ వారంటీ మీద ఆశ పెట్టుకోవద్దు బాబాయ్. అల్లుడికి ఆ సంగతి ముందే చెప్పి ఇవ్వండి, తర్వాత మీకు ఫోన్ చేయకుండా.

పసుపునలుపు

ఒకే బ్యాటరీ అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. కంపెనీ పేరు ఒకటైతే బ్యాటరీలు కలుస్తాయనుకోవద్దు. బాష్‌లో నీలం 18 వోల్టులది ప్రొఫెషనల్, ఆకుపచ్చది ఇంటివాడకం సిరీస్. ఒకదాని బ్యాటరీ ఇంకోదానికి పట్టదు. మకీటాలో ఎల్‌ఎక్స్‌టీ వేరు, చవకలో వచ్చే జీ సిరీస్ వేరు. రెండూ 18 వోల్టులే, బ్యాటరీలు మాత్రం కలవవు. వాళ్ల 40 వోల్టులది ఇంకో దారి. షాపువాడు ఇదీ మకీటానే సార్ అంటే తల ఊపకండి. ఆ సిరీస్‌లో మీరు రేపు కొనదలచుకున్న రంపం ఉందా అని అడగండి.

మెషిన్ ఒక్కటే కొనేటప్పుడు మోడల్ నంబరు చివర చూడండి. మకీటాలో జెడ్, డివాల్ట్‌లో ఎన్ ఉంటే బ్యాటరీ, ఛార్జర్ రావు. బాష్ డబ్బా మీద సోలో అని రాస్తారు. ఆన్‌లైన్‌లో ధర చూసి ఎగిరి గంతేసి, డబ్బా విప్పాక తల పట్టుకునేవాళ్లు చాలామంది.

నీలిరంగు_ఫ్యాన్

ఈ ఒక్క పోస్టుకి పసుపన్నతో ఏకీభవిస్తున్నా. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, మళ్లీ జరగదు.

కొత్తిల్లు_కోకాపేట

కోఠిలో, ఆన్‌లైన్‌లో మకీటా బ్యాటరీలు చాలా తక్కువకి ఉన్నాయి. 6 ఏహెచ్ అని రాసి ఒరిజినల్‌లో మూడో వంతు ధర. తీసుకోవచ్చా?

రిటైర్డ్_రెసిస్టర్

ఈ బ్యాటరీల్లో మామూలుగా వేసే 18650 సైజు సెల్లు ఎంత మంచిదైనా 3.5 ఏహెచ్‌కి అటూ ఇటూ. ఆ సెల్లులు ఐదే పట్టే చిన్న డబ్బా మీద 6 ఏహెచ్ అని రాశారంటే అబద్ధమే, విప్పి చూడనక్కర్లేదు. పెద్ద డబ్బా అయితే చేత్తో ఎత్తి చూడండి. లోపల పది సెల్లులుండాల్సిన బ్యాటరీ తేలిగ్గా ఉంటే అనుమానించండి.

గుజరాతీ గల్లీ చుట్టుపక్కల సెల్లులు మార్చి ఇచ్చేవాళ్లు ఉన్నారు, పని తెలిసినవాళ్లూ ఉన్నారు. ఏ సెల్లు వేస్తున్నారన్నదే చూడాలి. పాత ల్యాప్‌టాప్ సెల్లు నెమ్మదిగా కరెంటు ఇవ్వడానికి చేసింది. డ్రిల్ ఒక్కసారిగా 20, 30 ఆంపియర్లు అడుగుతుంది. ల్యాప్‌టాప్ సెల్లు అంత ఇవ్వలేక వేడెక్కుతుంది. టూల్స్‌కి హై డ్రెయిన్ సెల్లులని విడిగా ఉంటాయి, అవే వేయమనాలి, సెల్లుల్ని కలిపే లోహపు పట్టీలు (ట్యాబులు) స్పాట్ వెల్డింగ్ చేయాలి. సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని నేరుగా సెల్లు మీద పెట్టేవాడి దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

మేస్త్రి_మల్కాజిగిరి

ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్ మెషిన్లు అడిగేవాళ్లు ఉంటారు కాబట్టి చెబుతున్నా: వైరున్నదైతే ప్లగ్ పెట్టి తిప్పి చూసి తీసుకోవచ్చు. సెకండ్ హ్యాండ్ బ్యాటరీది మాత్రం వద్దు. దొంగ సరుకో కాదో తర్వాత సంగతి, బ్యాటరీ వయసు పైకి కనపడదు.

సగంఛార్జ్

మేడ మీద రేకుల షెడ్డు నాది. మే నెలలో ఛార్జర్ లైట్ ఎర్రగా మినుకుమినుకుమంటుంది, ఛార్జ్ ఎక్కదు. సాయంత్రం మామూలే. ఛార్జర్ పోయిందా?

రిటైర్డ్_రెసిస్టర్

పోలేదు, అది బుద్ధిగా పనిచేస్తోంది. సెల్లు 45 డిగ్రీలు దాటితే ఛార్జ్ చేయడం దానికి హాని. మంచి ఛార్జర్ లోపలి వేడి చూసి, చల్లారేదాకా ఆగుతుంది. మే నెల మధ్యాహ్నం బయట 42 ఉంటే రేకుల కింద ఎంతుంటుందో మీకే తెలుసు. బ్యాటరీని ఇంట్లోకి తెచ్చి ఫ్యాను కింద అరగంట పెట్టి అప్పుడు ఛార్జ్ చేయండి. కారు డాష్‌బోర్డు మీద అసలే వదలొద్దు. ఫ్రిజ్‌లో పెట్టే ఉపాయం ఎవరైనా చెబితే వినకండి, తేమ చేరుతుంది. నెలల తరబడి వాడకపోతే సగం ఛార్జ్‌తో చల్లటి చోట దాచండి. పూర్తిగా ఖాళీ చేసి మూలన పడేసిన బ్యాటరీ కొన్నాళ్లకి ఎంత దిగిపోతుందంటే ఛార్జర్ దాన్ని గుర్తించదు.

కొత్తిల్లు_కోకాపేట

ఇన్ని విషయాలు ఉంటాయనుకోలేదు. ప్లైవుడ్ కోయడానికి ఏం చేయమంటారు? కార్డ్‌లెస్ రంపం బడ్జెట్‌లో పట్టదు.

చెక్కపొట్టు

మొదటి చెప్పుల స్టాండుకి రంపమే కొనకండి. కొలతలన్నీ కాగితం మీద రాసుకుని వెళితే కొన్ని ప్లైవుడ్ షాపుల్లో ప్యానెల్ సా మీద కోసి ఇస్తారు, అంచులు కత్తితో కోసినట్టు వస్తాయి. కొనేముందు ఫోన్ చేసి కోత సదుపాయం ఉందా, ఒక్కో కోతకి ఎంత అని అడగండి. ఇంటికొచ్చాక మీకు మిగిలేది రంధ్రాలు, స్క్రూలు, గరుకు కాగితం. స్క్రూకి ముందు సన్న బిట్‌తో దారి రంధ్రం వేయడం మర్చిపోవద్దు. ప్లైవుడ్ అంచులోకి నేరుగా స్క్రూ దింపితే పొరలు ఉబ్బి విడిపోతాయి.

తర్వాత రంపం కావాలనిపిస్తే వైరున్న సర్క్యులర్ సా, పక్కన తిన్నటి అల్యూమినియం పట్టీ. మన కార్పెంటర్లు మార్బుల్ కట్టర్‌కి చెక్క బ్లేడు వేసి బీరువాలు కోసేస్తారు. చేతికి అలవాటైనవాళ్లు వాళ్లు. మీరు వాళ్లని చూసి మొదలుపెట్టకండి.

మేస్త్రి_మల్కాజిగిరి

మైవాన్ గోడ గురించి ఇంకొంచెం. స్విచ్ బోర్డుకి నేరుగా పైనా కిందా రంధ్రం వేయకండి, పైపులో వైర్లు నిలువుగా వెళుతుంటాయి. బాత్రూమ్ గోడకి వేసే ముందు బిల్డర్ ఇచ్చిన ప్లంబింగ్ డ్రాయింగ్ చూడండి. బిట్ బాగా దిగుతూ దిగుతూ ఒక్కసారిగా ఆగి, ఠంగుమని గట్టి శబ్దం వస్తే లోపల ఇనుప రాడ్డు తగిలినట్టు. అక్కడ బలం చూపించకండి, బిట్ మొన పోతుంది, రాడ్డు దెబ్బతింటుంది. రెండు అంగుళాలు పక్కకి జరగండి. స్క్రూ పట్టడానికి గోడలో దించే ప్లాస్టిక్ ప్లగ్గుకి సరిపడా చిన్న రంధ్రాలతో భయం లేదు. ఏసీ పైపుకని పెద్ద రంధ్రం, వైరుకని గాడి కొట్టడం మాత్రం అసోసియేషన్‌నీ, బిల్డర్ ఇంజనీర్‌నీ అడక్కుండా చేయొద్దు. ఆ గోడ మీదే బిల్డింగ్ నిలబడి ఉంది.

రంధ్రం వేశాక లోపలి పొడి ఊది తీసేయండి. కంటికి కళ్లజోడు పెట్టుకుని ఊదండి. పొడి ఉంటే ప్లగ్గు పూర్తిగా దిగదు, టీవీ బరువుకి వదులైపోతుంది.

లేత్‌మాస్టర్

కొనడం రాణిగంజ్‌లో. ఆన్‌లైన్ ధర ఫోన్‌లో చూపించి అడగండి, చాలామంది దగ్గరదాకా వస్తారు. ఆదివారం వెళ్లకండి, చాలా షట్టర్లు దించే ఉంటాయి. జీఎస్టీ బిల్లు మీద మెషిన్ సీరియల్ నంబరు రాయించుకోండి. 18 శాతం తగ్గిస్తా, బిల్లు వద్దులే అంటాడు. అప్పుడు మిగిలిన డబ్బు వారంటీ దగ్గర పోతుంది. కొనేముందు డ్రిల్ చేతిలో పట్టుకుని మెల్లగా ట్రిగ్గర్ నొక్కండి. చక్ అటూ ఇటూ ఊగకుండా తిన్నగా తిరగాలి. బిట్ పెట్టి తిప్పితే మొన సున్నాలు చుట్టకూడదు.

కొత్తిల్లు_కోకాపేట

అప్‌డేట్. రాణిగంజ్ వెళ్లొచ్చాను. 18 వోల్టులది చేత్తో పట్టుకుంటే మోజు పుట్టింది గానీ, 5 ఏహెచ్ బ్యాటరీతో తల పైకెత్తి పట్టుకునేసరికి మేస్త్రిగారి మాటే నచ్చింది. బాష్ నీలంలో 12 వోల్టుల హ్యామర్ డ్రిల్ తీసుకున్నా, జీఎస్‌బీ 120, రెండు బ్యాటరీలతో. గోడకి వైరున్న రోటరీ హ్యామర్, 2 జౌల్స్‌ది. ఎస్‌డీఎస్ బిట్లు 6, 8, 10. పీజెడ్2 బిట్లు అడిగితే షాపతను నన్నొక కార్పెంటర్‌లా చూశాడు, కడుపు నిండింది.

టీవీ బ్రాకెట్ 8 ఎంఎం రంధ్రాలు నాలుగూ అయిపోయాయి. ఒక చోట ఠంగుమంది, పక్కకి జరిగాను. బ్రాకెట్‌లో పొడవాటి గాడి ఉండటంతో సరిపోయింది. ఇప్పుడు కిచెన్‌లో గ్రానైట్ అంచుకి, బాత్రూమ్ టైల్‌కి రంధ్రాలు వేయాలి. రోటరీ హ్యామర్‌తోనే వేసేయనా?

నీలిరంగు_ఫ్యాన్

నీలం కొన్నావు కదా బ్రో, అది చాలు నాకు.

మేస్త్రి_మల్కాజిగిరి

వద్దు సార్! టైల్ మీద హ్యామర్ పెడితే చిట్లిపోతుంది. మీ 12 వోల్టుల డ్రిల్ తీసుకోండి, హ్యామర్ గుర్తు మీద కాకుండా డ్రిల్ గుర్తు మీద, 1వ గేరులో. టైల్‌కి ఈటె మొన ఉన్న గ్లాస్ బిట్ దొరుకుతుంది. గ్రానైట్‌కీ విట్రిఫైడ్ టైల్‌కీ అది ఆగదు, డైమండ్ బిట్ కావాలి. రంధ్రం చోట మాస్కింగ్ టేపు అంటించి గుర్తు పెట్టండి, బిట్ జారదు. డైమండ్ బిట్‌ని మొదట కొంచెం వాలుగా ఆనించి గీత పడ్డాక నిటారు చేయండి. పక్కన ఎవరినైనా నిలబెట్టి స్పాంజితో నీళ్లు చుక్కలు చుక్కలుగా వేయించండి, మెషిన్ మీద పడకుండా. టైల్ దాటి వెనక కాంక్రీటు తగిలాక ఆపి, అప్పుడు రోటరీ హ్యామర్‌లో టైల్ రంధ్రం కంటే సన్నదైన బిట్ వేసుకుని లోపలికి వెళ్లండి.

కొత్తిల్లు_కోకాపేట

టైల్ రంధ్రం 8 వేస్తే లోపల 6, ప్లగ్గు కూడా 6దేనా?

మేస్త్రి_మల్కాజిగిరి

అంతే సార్. ప్లగ్గు మొత్తం టైల్ దాటి కాంక్రీటులోకి వెళ్లాలి. టైల్ మందంలో ఉండిపోతే స్క్రూ బిగించేటప్పుడు అది ఉబ్బి టైల్ పగులుతుంది. ప్లగ్గులో స్క్రూ మొన కొంచెం పెట్టి, స్క్రూ తల మీద సుత్తితో నెమ్మదిగా కొట్టి లోపలికి దించండి.